లంక రేవు పడవ: వేసవికి వచ్చేవాళ్ల కోసం ఒక రివ్యూ

ముందే చెప్పేస్తా. పడవకి నాలుగు స్టార్లు, రేవుకి ఒకటి, రేవు పాట (అంటే ఏటా వేసే వేలం) పాడుకున్నవాళ్ల వ్యవహారానికి ఏ ఏటికాయేడు విడిగా ఇవ్వాలి. ఇది హోటలూ కాదు, రిసార్టూ కాదు. రాజోలు వైపు గోదావరి వశిష్ఠ పాయలో ఉన్న ఒక లంక ఊరికి, అంటే ఏటి మధ్య దీవి లాంటి ఊరికి, మనుషుల్ని, మోటారు సైకిళ్లని, మంచినీళ్ల క్యాన్లని, అరటి గెలల్ని, పెళ్లి సామాన్లని దాటించే పడవ సర్వీసు. ఊరి పేరు రాయను. రాస్తే సాయంత్రానికల్లా అమ్మమ్మకి ఫోన్ వెళ్తుంది, "మీ మనవరాలు మన రేవు మీద ఏదో రాసిందంటండీ" అని, ఆ తర్వాత నా సెలవులన్నీ సంజాయిషీలకే సరిపోతాయి. ఆ చుట్టుపక్కల ఏ లంకకి వెళ్లినా ఇందులో ముప్పాతిక వంతు వర్తిస్తుంది కాబట్టి పేరుతో పెద్ద పని లేదు కూడా.

ఎవరికోసం రాస్తున్నానంటే, ఏప్రిల్ నెలాఖరుకి బడులకి సెలవులిచ్చాక పిల్లల్ని వెంటేసుకుని అమ్మమ్మగారింటికో నాయనమ్మగారింటికో లంకకి వచ్చే నాలాంటివాళ్లకి, వాళ్ల వెనకాల వచ్చే కొత్త అల్లుళ్లకి, కోడళ్లకి, "మీ ఊరు చూడాలి" అని సరదాపడే ఆఫీసు స్నేహితులకి. మొదటిసారి వచ్చేవాళ్ల ప్రశ్నలు ఎప్పుడూ అవే. పడవ ఎన్నింటికి? టికెట్ ముందే తీసుకోవాలా? కారు ఎక్కడ పెట్టాలి? మ్యాపు చూసుకుని వచ్చేస్తాం అంటే మాత్రం కుదరదు. ఫోన్‌లో రేవు అని చూపించే చోట ఇప్పుడు గట్టు కూడా లేదు, నీళ్లే ఉన్నాయి. దానికి మ్యాపుని తిట్టి లాభం లేదు, ఏరు ఏటా ఒడ్డు కోసుకుపోతుంటే రేవు కూడా ఆ కోతని బట్టి జరుగుతూ ఉంటుంది. ఏటిగట్టు మీద టీ కొట్టు దగ్గర ఆగి "ఈ ఏడు రేవు ఎక్కడండీ?" అని అడగడమే పద్ధతి. సంక్రాంతికి వచ్చి వెళ్లినవాళ్లు కూడా మే నెలలో మళ్లీ అడగాల్సిందే.

ఇంకో సంగతి. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా అంతా కాలవ నీళ్లతో పచ్చబడిందని చిన్నప్పటినుంచి వింటాం, కాటన్ దొర విగ్రహాలకి దండలు వేస్తాం, అంతా నిజమే. లంకలు ఏటిగట్లకి లోపల, ఏటిలోనే ఉంటాయి కాబట్టి ఆ కాలవ వీటిదాకా రాదు. వేసవిలో కాలవలకే నీళ్లు సరిపోవు, ఇక ఆనకట్ట దిగువకి వదిలేది ఎంత. అందుకని మే నెలలో మీరు దాటే పాయలో కనిపించేది చాలావరకు సముద్రం పోటుకి పైకెక్కి వచ్చిన నీళ్లే, రుచి చూస్తే తెలుస్తుంది. పడవ టైము చేతి గడియారం మీద కంటే ఆ పోటు మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. పోటు మీదున్నప్పుడు పడవ ఒడ్డుకి ఆనుకుని నిలబడుతుంది, చీర కుచ్చిళ్లు తడవకుండా ఎక్కేయొచ్చు. నీరు తీసిందంటే మధ్యలో ఇసుక తిప్ప బయటపడుతుంది, పడవ దాని చుట్టూ తిరిగి రావాలి, వచ్చినా ఒడ్డుదాకా రాలేదు, చివరి పది బారలూ బురదలో నడక. తెల్ల ప్యాంట్లు వేసుకొచ్చే అల్లుళ్లూ, గమనించండి.

మనుషులకి ఇంజన్ పడవ, బళ్లకి పంటు. పంటు అంటే రెండు పడవలని జతకట్టి పైన చెక్కలు పరిచింది. నర్సాపురం–సఖినేటిపల్లి, కోటిపల్లి–ముక్తేశ్వరం లాంటి పెద్ద రేవుల్లో అయితే కార్లు కూడా ఎక్కే పంటులున్నాయి. మాది అంత స్థాయి కాదు. మోటారు సైకిళ్లు, బలవంతాన ఒక ఆటో, అంతే. కారు ఇవతలి గట్టునే వదలాలి. రేవు పక్కన కొబ్బరితోట ఆసామి పెట్టుకోనిస్తారు, డబ్బులు తీసుకోరు, కానీ చెట్టు కింద మాత్రం పెట్టకండి, పశువుల పాక పక్కన రేకుల షెడ్డు ఉంది, అక్కడ పెట్టండి. బెంగళూరు నుంచి కొత్త కారులో వచ్చిన మా చుట్టం ఒకాయన నీడ బాగుందని చెట్టు కింద పెట్టి, బానెట్ మీద కొబ్బరికాయంత సొట్టతో వెనక్కి వెళ్లాడు. సొట్ట కొబ్బరికాయంత ఎందుకుందో ఇన్సూరెన్సు వాళ్లకి వివరించడం ఇంకో కథ.

టికెట్ అంటూ కాగితం ఉండదు. మనిషికి పది రూపాయలు, బండికి ఇరవై, సామాన్లకి వాళ్ల మూడ్ బట్టి. రేవు పాకలో ఫోన్‌పే స్కానర్ అంటించారు కానీ రేవులో సిగ్నల్ ఒక గీత వస్తూ పోతూ ఉంటుంది, డబ్బులు వెళ్లాయో లేదో తేలేలోపు పడవ అవతలి ఒడ్డు చేరిపోతుంది. చిల్లర తెచ్చుకోవడం ఉత్తమం. ఊళ్లో ఉండేవాళ్లు రోజూ ఇవ్వరు, వాళ్ల లెక్క నెలకో, పంటకో. మీరు వాళ్ల ఇంటికి వచ్చిన చుట్టాలైతే మీ దగ్గర తీసుకోవాలా వద్దా అన్న విషయం మీద పడవ నడిపే సరంగుకీ మీ మావయ్యకీ పెద్ద వాదన జరుగుతుంది. మీరు మధ్యలో దూరకండి. వాదన అయ్యాక దిగేటప్పుడు నెమ్మదిగా ఇచ్చేయండి, తీసుకుంటారు.

ఎక్కడం గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే స్టార్లు పోయింది అక్కడే. ఏటిగట్టు దిగాక ఇసుకలో ఒక రెండు వందల గజాలు. ట్రాలీ సూట్‌కేసుల చక్రాలు అక్కడితో సరి, నెత్తి మీద పెట్టుకోవాల్సిందే. ఆ తర్వాత ఒడ్డు కోసుకుపోయి నిలువుగా ఉంటుంది, దానికి ఇసుక బస్తాలు పేర్చి మెట్లన్నారు. బస్తాలు చినిగి ఇసుక కారిపోయి పై రెండే మెట్లుగా మిగిలాయి. పక్కనే కోతకి గురైన తోట, కొబ్బరిచెట్ల వేళ్లు గాల్లో జుట్టు విరబోసుకున్నట్టు వేలాడుతుంటాయి, ఆ వేళ్లు పట్టుకునే దిగేవాళ్లున్నారు. కింద పడవకీ ఒడ్డుకీ మధ్య ఒక చెక్క, మూరెడు వెడల్పు, తడిగా. కళాసి కుర్రాడు నీళ్లలో నిలబడి ఒక చేత్తో గెడ పట్టుకుని, రెండో చెయ్యి మీకు అందిస్తాడు. ఆ చెయ్యి పట్టుకోవడానికి మొహమాటపడేవాళ్లు నీళ్లలో పడతారు, అంతకంటే చెప్పేదేమీ లేదు. పెద్దవాళ్లకి కుర్చీ వేసి నలుగురు మోసుకెళ్తారు, అడగక్కర్లేదు, మోకాళ్ల నొప్పులని నడకని బట్టే కనిపెట్టేస్తారు. కానీ ఎంతకాలం కుర్చీ మీద మోస్తారు? ఒక సిమెంటు ర్యాంపు, ఒక కమ్మీ, రాత్రిపూట ఒక లైటు, ఇంతే కదా కావాల్సింది. ఆడవాళ్లకి బాత్‌రూమ్ లేదు, ఎండలో నిలబడటానికి నీడ అంటే ఆ పాక ఒక్కటే, అందులో ముప్పావు భాగం నీళ్ల క్యాన్లే. రేవుకి ఒక్క స్టార్ ఇచ్చింది అందుకే, ఆ ఒక్కటీ కళాసి కుర్రాడిది.

సామాన్ల విషయంలో మాత్రం మీ ఊబర్లూ ఓలాలూ ఈ పడవ ముందు దిగదుడుపు. మే నెలలో తిరుగు ప్రయాణాల్లో ప్రతి ఇంటినుంచీ ఆవకాయ జాడీలు దాటుతాయి. వాసెన కట్టి, పాత పంచె ముక్క చుట్టి, పైన పురికొస బిగించిన జాడీ. దాన్ని సరంగు ఎవరి చేతికీ ఇవ్వడు. తన కాళ్ల దగ్గర, ఇంజన్ వేడి తగలని పక్కన పెట్టుకుని, కదలకుండా రెండు కొబ్బరికాయలు ఒత్తు పెడతాడు. ఏ జాడీ ఎవరిదో కూడా అడగడు. వాసెన గుడ్డ చూసి చెప్పేస్తాడు, ఇది ఫలానావాళ్లది, వీళ్లు ఏటా పచ్చగళ్ల గుడ్డే కడతారు అని. మా జాడీ నేను హైదరాబాదులో మూడో అంతస్తుకి తీసుకెళ్లేటప్పుడు ఒలికింది కానీ ఆ పడవలో ఎన్నడూ ఒలకలేదు.

టైములు. పొద్దున్నే మొదటి పడవ మనుషులది కాదు, పాల క్యాన్లది, అరటి గెలలది, కూరగాయల గంపలది. ఆ టైములో బయల్దేరతామని పట్టుబట్టకండి, మిమ్మల్ని గంపల మీద కూర్చోబెడతారు. ఎనిమిది తర్వాత పడవ నిండగానే కదులుతుంది. నిండటం అంటే ఎంతో ఎక్కడా రాసి లేదు. కొబ్బరి దింపు జరిగిన రోజుల్లో పంటు అంతా కాయలే, బండి దాటించాలంటే మధ్యాహ్నందాకా ఆగాలి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటిదాకా ఎండకి ఎవరూ కదలరు, సరంగు కూడా భోంచేసి పాకలో నడుం వాలుస్తాడు, లేపకండి.

ఆఖరి పడవ ఏడున్నరకి అంటారు. అది మాట వరసకి. అసలు ఆఖరి పడవ కదిలేది ఊళ్లోకి రావాల్సినవాళ్లంతా వచ్చారని సరంగుకి తెలిశాకే. ఓసారి నేనూ ఆ పడవలో ఉన్నాను, చీకటి పడింది, దోమలు, పిల్లలు విసుగు, ఎనిమిదైనా కదలడు. అడిగితే, "ఫలానా వారి అమ్మాయి కాకినాడ నుంచి వస్తందండి, పరీక్ష రాసిందండి, బస్సు లేటంటండి" అన్నాడు. పడవలో ఉన్న ఇరవైమందిలో ఒక్కరూ గొణగలేదు. పైగా ఎవరో ఆ పిల్లకి ఫోన్ చేసి "కంగారుపడకమ్మా, ఇక్కడే ఉన్నాం" అని చెప్పారు. ఆ అమ్మాయి గట్టు మీద టార్చి వెలిగించుకుని పరుగెత్తుకొచ్చేసరికి, ఎక్కించుకుని, ఆమె కూర్చున్నాక అందరూ ఒకేసారి అడిగింది "ఎలా రాశావు?" అని. ఆ పిల్ల మొహం చూస్తే పేపరు కంటే ఈ ప్రశ్నే కష్టంగా ఉన్నట్టుంది. పట్నంలో ఏ బస్సు మనకోసం ఇలా ఆగుతుంది? అలాగే, పట్నంలో ఏ బస్సులోనూ మన మార్కులు ఇరవైమందికి చెప్పుకోవాల్సిన పని లేదు. రెండూ కలిపే వస్తాయి ఇక్కడ, ఒకటి తీసుకుని ఇంకోటి వద్దంటే కుదరదు.

ఎక్కగానే మొదటి ప్రశ్న, "ఎవరి తాలూకండి?" దీనికి సమాధానం మీ పేరు కాదు, ఉద్యోగం అంతకంటే కాదు. మీ తాతగారి ఇంటిపేరు, వాళ్ల ఇల్లు ఏ మలుపులో ఉందో చెప్పాలి. చెప్పారా, "ఆయ్, మీరాండీ, మీ అమ్మగారు చిన్నప్పుడు ఇదే రేవులో..." అని ఏదో ఒక కథ మొదలవుతుంది, మీ అమ్మ మీకు ఎప్పుడూ చెప్పనిది. ఏడాదిలో ఏం జరిగిందో మొత్తం ఆ పావుగంటలో తెలిసిపోతుంది. ఎవరు పోయారు, ఎవరి కొడుకు కువైట్ నుంచి వచ్చి స్లాబ్ వేశాడు, ఎవరి రెండెకరాలు ఏట్లో కలిసిపోయాయి, ఎవరెవరు మాట్లాడుకోవడం లేదు. ఆ ఆఖరిది చాలా ముఖ్యం, జాగ్రత్తగా వినండి, లేకపోతే సాయంత్రం పలకరింపులకి వెళ్లి తప్పు ఇంట్లో కాఫీ తాగొస్తారు. మీరు ఒడ్డు దిగి ఇంటికి నడిచి వెళ్లేలోపు మీ సంగతీ ఊరంతా వెళ్లిపోతుంది. సన్నబడ్డారా, లావయ్యారా, అల్లుడుగారు రాలేదేంటి. ప్రైవసీ కావాలనుకునేవాళ్లు ఈ సర్వీసు వాడకండి, వేరే దారి లేదు కానీ.

అందరూ ఒకటే కుటుంబం అని రాసేస్తే బాగుంటుంది, కానీ అది నిజం కాదు. చిన్నప్పుడు చూశాను, పడవ ముందు బల్ల మీద కూర్చునేవాళ్లు వేరు, వెనక గంపల మధ్య నిలబడేవాళ్లు వేరు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ ఎవరికీ చెప్పేవాళ్లు కాదు, చెప్పక్కర్లేకుండానే జరిగిపోయేది. పది మంది పెద్దవాళ్లని "ఒరేయ్" అని పిలిచిన నోటితోనే నాలాంటి పిల్లని "అమ్మాయిగారండీ" అనేవాళ్లు. ఇప్పుడు చాలా మారింది. గల్ఫ్ డబ్బులు వచ్చాయి, చదువులొచ్చాయి, పేట పిల్లలే మోటారు సైకిళ్లు ఎక్కించుకుని ముందు నిలబడుతున్నారు. ఐనా కొత్త మనిషి ఎక్కితే ఆ "ఎవరి తాలూకా" అన్న ప్రశ్నలో ఊరి పేరుతో పాటు ఇంకేదో కూడా అడుగుతున్నారని వినే చెవికి తెలుస్తుంది. ఎవరి తాలూకా కాని మనిషి, అంటే సర్వేకి వచ్చిన ఉద్యోగో, కొత్తగా పోస్టింగ్ పడిన టీచరమ్మో, మొదటి నెల రోజులు ఎండలోనే నిలబడతారు. సర్వీసు అన్నాక ఇది లోపమే. తెలిసినవాళ్లకి ఐదు స్టార్ల మర్యాద, తెలియనివాళ్లకి రెండు. నేను నాలుగిచ్చానంటే నేను తెలిసినదాన్ని కాబట్టి ఇచ్చాను, ఆ లెక్క మీరు వేసుకోండి.

ఇక మన వేసవి బ్యాచ్ మీద కూడా నాలుగు మాటలు, ఎప్పుడూ వాళ్లనే అంటే ఎలా. ఏడాది పొడవునా ఈ పడవ మీద బతికేవాళ్లకి మే నెల అంటే రద్దీ. మనం ఒక్కొక్కరం నాలుగు పెట్టెలతో దిగుతాం, పిల్లలు గెడ లాగుతారు, పడవ మధ్యలో లేచి నిలబడి రీల్స్ తీస్తారు, "అన్నా ఒక్కసారి స్లోగా పోనివ్వు, సూర్యుడు వస్తున్నాడు" అంటారు. వెనక ఒకామె డయాలసిస్ చేయించుకుని వస్తోంది. ఆమెకి సూర్యుడు రోజూ వస్తాడు, ఇంటికెళ్లి పడుకోవాలి. మంచినీళ్ల సంగతీ అంతే. వేసవిలో లంకలో బోరు నీళ్లు ఉప్పగా మారతాయి, తాగే నీళ్లు క్యాన్లలో ఇదే పడవ మీద వస్తాయి. మనం వచ్చిన నెలలో క్యాన్లు రెట్టింపు అవుతాయి, మోసేది ఆ కుర్రాళ్లే. కొందరు పిల్లల్ని ఏట్లోకి దించి అదే క్యాన్ నీళ్లతో కాళ్లు కడిగించడం కళ్లారా చూశాను.

రేవు పాట గురించి తెలియనివాళ్లకి: ఈ రేవులు ఏటా వేలం వేస్తారు, పాడుకున్నవాళ్లు ఆ ఏడాది వసూలు చేసుకుంటారు. అంటే పాట ఎక్కువకి పోయిన ఏడు మన జేబుకి చిల్లు. ఒక ఏడు పాడుకున్నాయన, పేరెందుకు, సంచికి ఇంత, సూట్‌కేసుకి ఇంత, కోడిపుంజుకి ఇంత అని రేటు పెట్టాడు. చంటిపిల్లకి కూడా టికెట్టన్నాడు. ఊళ్లోవాళ్లు గొడవపడలేదు, కేసు పెట్టలేదు. రెండు రోజులు ఎవరి నాటు పడవలు వాళ్లు బయటికి తీసి సొంతంగా దాటారు, ఆయన పడవ ఖాళీగా అటూ ఇటూ తిరిగింది. మూడో రోజు పాకలో రేట్ల బోర్డు లేదు. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు కూడా, మామూలుగా ఎక్కారు, "ఏమండీ, ఎండ బాగా ముదిరింది కదండీ" అన్నారు. ఈ ఏడు పాడుకున్నవాళ్లు ఫర్వాలేదు, మూడున్నర.

భద్రత. దీని మీద నేను రాజీపడను. లైఫ్ జాకెట్లు ఉన్నాయి. పాకలో మేకుకి తగిలించి, దుమ్ముపట్టి, ఒకదానికొకటి తాడుతో కట్టి మరీ ఉన్నాయి. అడిగితే ఇస్తారు, కానీ అడిగినవాళ్లని పడవంతా వింతగా చూస్తుంది, "ఇక్కడ నడుం లోతే కదండీ" అంటారు. నడుం లోతు ఎక్కడుందో, నిలువు లోతు ఎక్కడుందో ఏటా మారే ఏట్లో ఆ మాట నమ్మలేం. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర బడిపిల్లలతో వస్తున్న పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి తిరగబడింది. ఏడాది తిరిగాక, 2019 సెప్టెంబరు 15న, పైన కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. ఆ తర్వాత కొన్నాళ్లు ప్రతి రేవులోనూ తనిఖీలు, జాకెట్లు, మనుషుల లెక్క, అన్నీ జరిగాయి. తర్వాత తాడు కట్టేశారు. పెళ్లిళ్ల రోజుల్లో అయితే లెక్కే ఉండదు, బ్యాండు మేళంతో సహా ఎక్కేస్తారు. నేను పిల్లలకి జాకెట్ వేయించకుండా ఎక్కను, నవ్వితే నవ్వనీ. ఈ ఏడు ఇంకో ఇద్దరు తల్లులు కూడా అడిగారు, కాబట్టి తాడు విప్పి మూడు బయట పెట్టారు. మీరూ అడగండి, ఎంతమంది అడిగితే అన్ని బయటికొస్తాయి. సరంగు చెయ్యి గొప్పది, అందులో అనుమానం లేదు, చీకట్లో ఇంజన్ ఆపేసి గెడతో తిప్ప తప్పించడం చూస్తే నోరు తెరుచుకుంటాం. కానీ మంచి సరంగు ఉన్నాడని జాకెట్ మానేయడం ఏ లెక్క?

ఈ రివ్యూ ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాలదాకానే చెల్లుతుంది. వానలు మొదలై పైనుంచి ఎర్రనీరు దిగిందంటే ఇదంతా వేరే సర్వీసు. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, పదమూడు లక్షలకి రెండోది, పదిహేడుకి మూడోది. ఆ అంకెలు ఊళ్లో చంటిపిల్లలకి కూడా కంఠతా వచ్చు. 2022 జూలైలో పాతిక లక్షలు దాటింది, వీధుల్లోనే పడవలు తిరిగాయి, అమ్మమ్మ మేడ మీద ఉండి మాతో ఫోన్‌లో "బాగానే ఉన్నాం, గేదెల్ని గట్టు మీదకి తోలేశారు" అంది, ఆ గొంతు బాగానే ఉన్న గొంతు కాదు. 1986 ఆగస్టులో ముప్పై ఐదు లక్షలదాకా వెళ్లిందంటే ఊహించుకోవడం కష్టం. ఊళ్లో వయసులు చెప్పేది కూడా వాటితోనే, ఎనభయ్యారు వరదకి చంటిపిల్ల, తొంభయ్యారు తుఫానుకి పెళ్లయింది అని. ఆ నెలల్లో పురిటి నొప్పులొచ్చిన ఆడమనిషిని ఇదే పడవలో, ఎదురు ప్రవాహంలో దాటించాలి. వాళ్లని అడగండి ఎన్ని స్టార్లో.

అందుకే వంతెన వస్తే ఈ అందమంతా పోతుందని బాధపడే మన వేసవి మేధావులతో నాకు పడదు. యానాం–ఎదుర్లంక వారధి 2002లో వచ్చాక అటువైపు జనం పంటు కోసం ఏడ్చారని నేనెక్కడా వినలేదు. మా దగ్గర కూడా సర్వేకి మనుషులొచ్చి రాళ్లు పాతి వెళ్లారు, ఆ రాళ్లలో రెండు ఇప్పటికే ఏట్లో కలిసిపోయాయి. వంతెన పడితే ఆఖరి పడవ ఆగి ఎదురుచూడటం ఉండదు, అది నిజమే. ఆ పరీక్ష రాసిన అమ్మాయి పదకొండింటికైనా స్కూటీ మీద ఇంటికి వెళ్లిపోతుంది, మార్కులు ఎవరికీ చెప్పకుండా. సరంగు ఏం చేస్తాడన్నది మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. ఆయన్నే అడిగాను. "మా వోడికి లారీ లైసెన్సు తీయించానండి" అన్నాడు.

తిరుగు ప్రయాణానికి ఒక్క జాగ్రత్త. రాజోలులో హైదరాబాద్ బస్సు ఎన్నింటికైతే దానికి మూడు గంటల ముందే ఇంట్లోంచి కదలండి. దాటడానికి పావుగంటే, కానీ రేవుదాకా నడిచేటప్పుడు ప్రతి అరుగు దగ్గరా ఆగాలి, ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి సంచిలో పెడతారు, వద్దంటే ఊరుకోరు. అరటి గెల ఇస్తే మాత్రం సున్నితంగా తప్పించుకోండి, బస్సువాళ్లు ఎక్కించరు. కొబ్బరికాయలు ఒలిపించి తీసుకోండి, బరువు సగం తగ్గుతుంది. నీరు తీసే టైము ఎప్పుడో ముందురోజు రాత్రే కనుక్కోండి, బురద కాళ్లతో ఏసీ బస్సెక్కితే ఎనిమిది గంటలు పక్కసీటాయన చూపులు భరించాలి.